గడప దాటని వేగం

*స్తంభం మీది కేబుల్ గురించి ఊరంతా మాట్లాడుకుంది. గోడలోపలి కేబుల్ సంగతి ఇల్లు కట్టేవాళ్లూ అడగరు, కొనేవాళ్లూ అడగరు. నెలనెలా కట్టే ఇంటర్నెట్ బిల్లులో చాలా భాగం ఆ గోడ దగ్గరే వృథా అవుతోంది.*

2025 ఆగస్టు మూడో వారం. హైదరాబాద్ గల్లీల్లో విద్యుత్ సిబ్బంది నిచ్చెనలు వేసుకుని స్తంభాలెక్కుతున్నారు. ఏళ్ల తరబడి ఒకదాని మీద ఒకటి పేరుకున్న నల్లటి కేబుల్ చుట్టలు కట్టర్ పడగానే జారి రోడ్డు మీద పడుతున్నాయి. స్కూటర్లు వాటిని తప్పించుకుంటూ పోతున్నాయి. అంతకుముందు 17వ తేదీ రాత్రి రామంతాపూర్‌లో శ్రీకృష్ణాష్టమి శోభాయాత్ర రథానికి కరెంటు తగిలి ఐదుగురు ప్రాణాలు కోల్పోయారు. ఆ ఘోరం తర్వాతే స్తంభాల మీద వేలాడే కేబుళ్లు తీసెయ్యాలన్న ఆదేశం వచ్చింది. తెగిన ప్రతి చుట్టకూ అవతలి కొసన ఎన్నో ఇళ్లున్నాయి. మీటింగు మధ్యలో ఎదుటి మనిషి బొమ్మ బిగుసుకుపోయి ఉద్యోగులు కంగారుపడ్డారు, క్లాసు వింటున్న పిల్లల తెర నల్లబడింది, చిన్న ఆఫీసుల్లో బిల్లులు ఆగాయి. ఇంటర్నెట్ కంపెనీలు గగ్గోలు పెట్టాయి. వ్యవహారం హైకోర్టుకెక్కింది.

ఆ చర్చ జరగాల్సిందే. మనిషి ప్రాణం ముందు వీడియో కాల్ ఏపాటిది? అయితే ఆ గొడవలో ఒక విషయం మరుగున పడింది. కేబుళ్లు మళ్లీ కట్టించుకున్న ఇళ్లలో, మోడెం మీద లైట్లన్నీ పచ్చగా వెలుగుతున్న ఇళ్లలో కూడా ‘నెట్ స్లోగా ఉంది’ అన్న మాట వినిపిస్తూనే ఉంది. కంపెనీకి ఫోన్ చేస్తే ‘మా వైపు నుంచి ఫుల్ స్పీడ్ వస్తోంది సార్’ అంటారు. అది తప్పించుకునే మాటలా వినిపిస్తుంది గానీ చాలాసార్లు నిజమే. ఫైబర్ అందిన ఊళ్లలో ఇవాళ ఇంటర్నెట్‌ను నెమ్మదింపజేసేది వీధి కాదు, ఇల్లు. గుమ్మం దాకా వచ్చిన వేగాన్ని పడగ్గదికి చేర్చే ఆఖరి ముప్ఫై అడుగుల ఏర్పాటే మన దగ్గర అన్నిటికంటే ఆలస్యంగా, అన్నిటికంటే చవకగా జరుగుతోంది.

వీధి మారింది, ఇల్లు మారలేదు

పదిహేనేళ్ల కిందట టెలిఫోన్ తీగ మీద బ్రాడ్‌బ్యాండ్ వచ్చే రోజుల్లో అడ్డంకి వీధిలోనే ఉండేది. ఎక్స్ఛేంజీకి దూరంగా ఉన్న ఇంటికి వేగం తగ్గేది, వానపడితే కనెక్షనే పోయేది. సెకనుకు 512 కిలోబిట్లు వస్తే చాలు, అది బ్రాడ్‌బ్యాండే అన్న అధికారిక నిర్వచనం మన దేశంలో 2023 జనవరి దాకా నడిచింది. అప్పుడు దాన్ని 2 మెగాబిట్లకు పెంచారు. ఈలోగా నేల మీద పరిస్థితి ఆ నిర్వచనాన్ని ఎప్పుడో దాటిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగానే ఫైబర్ లాగి, నెలకు 149 రూపాయలకు 15 మెగాబిట్ల కనెక్షన్, దాంతోపాటు టీవీ చానళ్లు ఇస్తామన్నారు. తెలంగాణలో టీ-ఫైబర్ కోసం మిషన్ భగీరథ నీటి పైపులకు తవ్విన కందకాలనే వాడుకున్నారు. ప్రైవేటు కంపెనీలు పోటీపడి 100, 300, 500 మెగాబిట్ల ప్లాన్లు తెచ్చాయి. జిల్లా కేంద్రాల్లోనే కాదు, మండల కేంద్రాల్లోనూ ఇవి మామూలైపోయాయి.

ఇళ్లకు ఫైబర్ ఇచ్చే పద్ధతుల్లో బాగా వాడుకలో ఉన్నదాంట్లో వెంట్రుకంత సన్నని ఒక్క గాజు పోగు మీద సెకనుకు రెండున్నర గిగాబిట్లు దిగుతాయి. దాన్ని కొన్ని పదుల ఇళ్లు పంచుకుంటాయి. అందరూ ఒకే క్షణంలో గరిష్ఠంగా వాడరు కాబట్టి ఆ పంపకం మీద పెద్దగా పేచీ రాదు. కానీ ఆ గాజు పోగు వచ్చి ఆగే చిన్న తెల్ల పెట్టె ఇంట్లో ఎక్కడుంటుంది? ఫైబర్ ఏ కిటికీలోంచి లోపలికి దూరితే అక్కడ. బాల్కనీ తలుపు పక్కన, టీవీ వెనక, ఒక్కోసారి చెప్పుల స్టాండు పైన. కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడిది పెట్టె వెలిగించి పోయే పని. ఇంటికి నడిమధ్యలో పెట్టాలంటే గోడ తొలచాలి, దానికి ఇంటాయన ఒప్పుకోడు. అలా ఇంటి మూలకు చేరిన పెట్టె సగం సంకేతాన్ని వీధికీ పక్క ఫ్లాటుకూ పంచుతూ, మిగతా సగంతో మూడు గోడల అవతలి పడగ్గదిని చేరడానికి తంటాలు పడుతుంది. ఆ పెట్టెకున్న యాంటెన్నాల సంఖ్య చూసి మురిసిపోవడం తప్ప చాలా ఇళ్లలో నెట్‌వర్క్ అంటే ఇంతే.

94 దగ్గర ఆగే ముల్లు

నేరం ఇంట్లోనే జరుగుతోందనడానికి సాక్ష్యం ఒక అంకె రూపంలో దొరుకుతుంది. 300 మెగాబిట్ల ప్లాన్ ఉన్న ఇంట్లో కంప్యూటర్‌కు నేరుగా కేబుల్ పెట్టి వేగం కొలిస్తే 94, 93 దగ్గర ఆగిపోతుంది. ఎన్నిసార్లు కొలిచినా అంతే. ఆ అంకె యాదృచ్ఛికం కాదు. నెట్‌వర్క్ కేబుల్లో రెండేసి పోగులు మెలివేసిన జతలు నాలుగుంటాయి, అంటే మొత్తం ఎనిమిది తీగలు. 1995లో వచ్చిన 100 మెగాబిట్ల ఈథర్‌నెట్ (కంప్యూటర్లను తీగతో కలిపే పద్ధతి) రెండు జతలతోనే పని కానిస్తుంది. 1999లో వచ్చిన గిగాబిట్ ఈథర్‌నెట్‌కు నాలుగు జతలూ కావాలి. 100 మెగాబిట్లకు అక్కర్లేని నాలుగు పోగుల్లో ఒక్కటి విరిగినా, కొసకు ప్లగ్గు బిగించే క్రింపింగ్‌లో సరిగ్గా కూర్చోకపోయినా చాలా పరికరాలు గొడవ చేయకుండా పాత పద్ధతికి దిగిపోతాయి. ఎర్ర లైటు వెలగదు, హెచ్చరిక రాదు. 100లో చిరునామాలు, తనిఖీ బిట్లు వగైరా ఖర్చులు పోను వాడుకకు మిగిలేది 94 చిల్లర. రెండో ముద్దాయి కూడా ఉంటాడు: రౌటర్‌కున్న సాకెట్టే 100 మెగాబిట్లది అయి ఉండొచ్చు. చవక రౌటర్లలో అట్టపెట్టె మీద వైఫై వేగం 300 అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, సాకెట్ వేగం మాత్రం వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఇక్కడ ఆ కుటుంబం ఏం చేస్తుంది? వేగం చాలడం లేదనుకుని 300 ప్లాన్‌ను 500కు మార్చుకుంటుంది. ముల్లు 94 దగ్గర నుంచి కదలదు. నెలకు ఇన్ని వందలని అదనంగా కట్టడం మాత్రం ఏడాది పొడవునా సాగుతుంది. నూరు రూపాయలు కూడా చేయని ఒక ప్యాచ్ కార్డు, అంటే పరికరాన్ని సాకెట్‌కు కలిపే చిన్న కేబుల్, మార్చితే చాలాసార్లు తీరే సమస్య అది.

వీడియో కాల్ కష్టం ఇంకో రకం. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలతో మాట్లాడేటప్పుడు మనవరాలి ముఖం బిగుసుకుపోతే, వేగం చాలలేదనే అనుకుంటాం. నిజానికి మామూలు వీడియో కాల్‌కు మూడు నాలుగు మెగాబిట్లు చాలు. 100 ప్లాన్‌లో అది ఏ మూలకూ రాదు. కాల్‌ను చెడగొట్టేది వేగం తక్కువ కావడం కాదు, సమాచారం ఒడుదొడుకులుగా రావడం: ఒక ముక్క వెంటనే వచ్చి, తర్వాతది ఆలస్యమై, మూడోది దారిలో పోతే మాట ముక్కలవుతుంది. ఈ ఒడుదొడుకు ఎక్కువగా పుట్టేది గోడలు దాటలేక ఆయాసపడే వైఫైలో. ప్లాన్ ఎంత పెంచినా అది తగ్గదు.

పైన రాగి పూత, లోపల అల్యూమినియం

సరే, తీగ వేద్దామని దుకాణానికి వెళితే అక్కడ మరో మాయ. నెట్‌వర్క్ కేబుల్ తరగతుల్లో ఒకటైన క్యాట్ 6 పేరు అచ్చు వేసిన కేబుల్ పెట్టెలు రెండు పక్కపక్కనే ఉంటాయి. రెండింటిలోనూ 305 మీటర్లే, తొడుగు రంగూ అదే. ఒకటి మాత్రం బాగా చవక. తేడా కంపెనీ పేరుదేమో అనుకుంటాం. తరచుగా అది లోహానిది. చవకదానిలో తీగ అల్యూమినియం, దాని మీద పల్చటి రాగి పూత. దీన్ని వ్యాపారంలో సీసీఏ (కాపర్ క్లాడ్ అల్యూమినియం) అంటారు. రాగితో పోలిస్తే అల్యూమినియం విద్యుత్ వాహకత అరవై శాతం పైచిలుకే. దూరం పెరిగేకొద్దీ సంకేతం సన్నగిల్లుతుంది. నాలుగుసార్లు వంచితే విరుగుతుంది. గోడకుండే నెట్‌వర్క్ సాకెట్ పెట్టెలో (ఐవో బాక్సు) బిగించిన చోట గాలి తగిలి పొర కట్టి, పట్టు వదులవుతుంది. అసలు చిక్కేమిటంటే కొత్తలో ఇది భేషుగ్గా పనిచేస్తుంది. వేసినవాడు కొలిచి చూపించి, డబ్బు తీసుకుని వెళ్లిపోతాడు. గొడవ మొదలయ్యేసరికి గోడకు రంగులు కూడా పూర్తయి ఉంటాయి. నెట్‌వర్క్ కేబుళ్ల ప్రమాణాలు సీసీఏను ఒప్పుకోవు. అంటే దాని మీద క్యాట్ 6 అన్న అచ్చే అబద్ధం.

కేబుల్ సమాచారంతోపాటు కరెంటునూ మోయడం మొదలయ్యాక ఈ మోసం మరింత ఖరీదైంది. సీసీ కెమెరాలకూ, సీలింగుకు బిగించే వైఫై పరికరాలకూ విడిగా ప్లగ్గు అక్కర్లేకుండా అదే తీగలో విద్యుత్తు పంపే పద్ధతి 2003లో 15.4 వాట్లతో మొదలైంది. 2009లో 30 వాట్లకు, 2018లో 90 వాట్లకు పెరిగింది. అల్యూమినియం తీగకు నిరోధం ఎక్కువ కనుక ఆ విద్యుత్తులో కొంత దారిలోనే వేడిగా మారుతుంది. పగలంతా చక్కగా పనిచేసే కెమెరా చీకటి పడగానే ఆగి ఆగి మళ్లీ మొదలవుతుంటే అనుమానించాల్సిన వాటిలో ఇదొకటి. రాత్రిపూట చూపు కోసం కెమెరా తన పరారుణ దీపాలు వెలిగించుకుంటుంది, ఎక్కువ కరెంటు అడుగుతుంది, అది అందదు. దొంగ వచ్చే వేళకు కెమెరా నిద్రపోవడమంటే ఇదే.

కనిపెట్టడం కష్టమేమీ కాదు. పెట్టెను ఎత్తి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. క్యాట్ 6లో మామూలుగా వాడే 23 గేజి తీగ ఎనిమిది పోగులు 305 మీటర్ల పొడవున ఉంటే రాగి బరువే ఐదున్నర కిలోలు దాటుతుంది. కొంచెం సన్నటి 24 గేజి అయితే నాలుగున్నర దగ్గర ఉంటుంది. సీసీఏలో లోహం బరువు రెండు కిలోల చిల్లర. తొడుగు బరువు రెండింటికీ దాదాపు ఒకటే కాబట్టి తేడా చేతికే తెలుస్తుంది. ఇంకా అనుమానముంటే ఒక పోగును బ్లేడుతో గీరాలి. లోపల వెండి రంగు కనిపిస్తే ఆ పెట్టె అక్కడే వదిలెయ్యడం మేలు. బిల్లు మీద ‘పూర్తి రాగి’ అని రాయించుకోవడం కూడా మంచిదే. రాసివ్వడానికి దుకాణదారు వెనకాడితే జవాబు దొరికినట్టే.

> అంకె పెద్దదైతే కేబుల్ మంచిదా?
>
> క్యాట్ 5ఇ కేబుల్ 100 మెగాహెర్ట్జ్ దాకా పరీక్షించినది. 100 మీటర్ల దూరం వరకు గిగాబిట్ మోస్తుంది. క్యాట్ 6 పరీక్ష 250 మెగాహెర్ట్జ్ దాకా. గిగాబిట్ 100 మీటర్లూ, పరిస్థితులు బాగుంటే 10 గిగాబిట్లు 55 మీటర్ల వరకూ నడుస్తాయి. క్యాట్ 6ఎ 500 మెగాహెర్ట్జ్‌ది, 10 గిగాబిట్లను 100 మీటర్లూ తీసుకెళ్తుంది. క్యాట్ 7 పేరుతో ఆన్‌లైన్‌లో విరివిగా అమ్ముతారు గానీ అమెరికా ప్రమాణాల సంస్థ టీఐఏ ఆ తరగతిని గుర్తించనే లేదు. క్యాట్ 8 డేటా సెంటర్ల కోసం పుట్టినది, దాని పరిధి 30 మీటర్లు. ఇంటికి దాంతో పని లేదు.
>
> 100 మీటర్లు అన్నప్పుడు గోడలోని తీగ 90, రెండు కొసల్లో పెట్టే ప్యాచ్ కార్డులు 10 అని లెక్క. లోహపు పొర చుట్టిన షీల్డెడ్ కేబుల్ సరైన ఎర్తింగ్ లేకపోతే లాభానికి బదులు తలనొప్పి తెస్తుంది. ఇల్లయినా, పదిమంది పనిచేసే ఆఫీసయినా మామూలు క్యాట్ 6, పూర్తి రాగిది, చాలు. గోడ మళ్లీ పగలగొట్టే ఉద్దేశం లేని సొంత ఇంటికి క్యాట్ 6ఎ వేసుకుంటే తప్పు లేదు. అంతకు మించి పెట్టే ఖర్చు దుకాణానికే లాభం.

వైఫై ఉండగా తీగ దేనికి?

బలమైన అభ్యంతరం ఇదే. ఫోన్‌కు తీగ పెట్టలేం, ట్యాబ్‌కు పెట్టలేం, కొత్త ల్యాప్‌టాప్‌లలో కొన్నింటికి కేబుల్ సాకెట్టే లేదు. వైఫై 6 వచ్చింది, వైఫై 7 వచ్చింది, వేగాలు గిగాబిట్లు దాటాయి. తీగల కాలం చెల్లింది కదా అంటారు. ఇందులో సగం ఒప్పుకోవాలి. ఇంట్లో ఎక్కువ పరికరాలు వైఫై మీదే నడుస్తాయి, నడవాలి కూడా. అయితే వైఫై గాలిని పంచుకునే పద్ధతి. ఒకే మైకున్న సభ లాంటిది. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి, దూరంగా కూర్చుని నంగినంగిగా మాట్లాడేవాడు మైకు పట్టుకుంటే అందరి సమయమూ పోతుంది. మూల గదిలో బలహీనమైన సంకేతంతో వీడియో చూస్తున్న ఒక్క ఫోను, రౌటర్ పక్కనే ఉన్న ల్యాప్‌టాప్‌ను కూడా నెమ్మదింపజేయడం అందుకే. పక్క ఫ్లాట్ల వాళ్లూ అదే సభలో ఉన్నారు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానితో ఒకటి ఢీకొనని చానళ్లు మూడే: 1, 6, 11. ఒక అపార్ట్‌మెంట్లో ఫోన్ తెరిస్తే ఇరవై ముప్ఫై వైఫై పేర్లు కనిపించే చోట ఆ మూడు ఏపాటి?

5 గిగాహెర్ట్జ్‌లో చానళ్లు ఎక్కువ, వేగమూ ఎక్కువ. కానీ గోడల దగ్గర అది తేలిపోతుంది. మనవి చెక్క ఫ్రేముల మీద పలుచటి అట్ట బిగించిన అమెరికా ఇళ్లు కావు. ఇటుక గోడ, రెండువైపులా సిమెంటు ప్లాస్టరింగు, ఇనుప చువ్వల స్తంభాలు, గోడకానించిన ఇనుప బీరువా, వంటింట్లో గ్రానైటు. అక్కడి ఇళ్లను చూసి రాసిన ‘ఇంత వైశాల్యానికి ఒక్క రౌటర్ చాలు’ అన్న లెక్క ఇక్కడ పారదు. దీనికి విరుగుడుగా కొనే రిపీటర్ ఒకవైపు విని మరోవైపు చెప్పాలి. ఒకే చానల్లో రెండు పనులూ చేసేది అయితే వేగం దాదాపు సగానికి పడుతుంది. ఫోన్లో గీతలు మాత్రం నిండుగా కనిపిస్తాయి. అదే దాని అమ్మకపు రహస్యం.

కాబట్టి తీగ, వైఫై ఒకదానికొకటి పోటీ కావు. మంచి వైఫై కావాలంటేనే తీగ కావాలి. కదలని వస్తువులు, అంటే టీవీ, డెస్క్‌టాప్, కెమెరాలు, ఆట యంత్రాలు తీగ మీదికి పోతే గాలి ఖాళీ అవుతుంది. ఇంటికి రెండు మూడు చోట్ల, ఒక్కోటీ సొంత తీగతో, తక్కువ శక్తి వైఫై పరికరాలు పెడితే ఫోను ఎక్కడున్నా పక్కనే ఒకటి ఉంటుంది. వైఫై ఎన్నో తరానికి చేరినా ఈ లెక్క మారదు, ఇంకా గట్టిపడుతుంది. ఎందుకంటే ఎక్కువ వేగం కోసం అది ఎక్కువ పౌనఃపున్యానికి పోతుంది, ఆ పౌనఃపున్యం గోడకు ఇంకా త్వరగా లొంగుతుంది. కిటికీ దాకా 5జీ గాలిలోంచి వచ్చే కొత్త కనెక్షన్లదీ ఇదే కథ. వీధి తీగ పోయింది సరే, కిటికీ నుంచి లోపలి గది దాకా దారి ఇంకా వేయాల్సిందే.

ఇక ఫైబర్‌నే గదిగదికీ లాగితే పోదా అని అడిగేవాళ్లున్నారు. చైనాలో అలా చేస్తున్నారు, మన దగ్గరా కొన్ని విల్లాల్లో మొదలైంది. ఫైబర్ దాదాపు హద్దులేని వేగం మోయగలదు, నిజమే. అయితే టీవీకీ, ప్రింటర్‌కూ, కెమెరాకూ ఫైబర్ సాకెట్ ఉండదు. గాజు కరెంటు మోయదు. ప్రతి గదిలో మళ్లీ ఒక పెట్టె, ఒక అడాప్టర్. ఇంట్లో ఉండే దూరాలకు రాగే లెక్కకు సరిపోతుంది.

> పిడుగు ఏ దారిన వస్తుంది?
>
> ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుములతో వానపడిన మర్నాడు రిపేరు షాపుల్లో కాలిపోయిన రౌటర్లు, నెట్‌వర్క్ స్విచ్చులు వరస కడతాయి. వీటిలో చాలావాటికి పిడుగు నేరుగా పడి ఉండదు. రెండు భవనాల మధ్య డాబాల మీదుగా లాగిన రాగి కేబుల్లో, దగ్గర్లో పడిన పిడుగు పుట్టించిన వోల్టేజీ పోర్టులను కాల్చేస్తుంది. భవనం నుంచి భవనానికి వెళ్లాల్సిన చోట ఫైబరే వాడాలి, గాజులోంచి విద్యుత్తు పోదు. ఒక జాగ్రత్త: వీధి ఫైబర్‌కు బలం కోసం పక్కన ఉక్కు తీగ పెట్టి అల్లుతారు. ఆ ఉక్కు తీగను ఇంట్లోకి రానివ్వకుండా బయటే తెంచి, ఫైబర్ ఒక్కదాన్నే లోపలికి తేవాలి.

స్లాబ్ పడ్డాక కాదు, పడకముందే

ఇల్లు కడుతున్నప్పుడు ఎలక్ట్రీషియన్ ఒక రోజు ఇంటివాళ్లను రమ్మంటాడు. ‘ఏసీ పాయింట్ ఎటు? గీజరు ఎక్కడ? మంచం తల ఏ వైపు?’ అని చాక్‌పీసుతో గోడల మీద గుర్తులు పెడతాడు. వాస్తు చూసే ఆయన దేవుడి గది గురించి చెబుతాడు. ఇంటాయన టీవీ పాయింటు చూపిస్తాడు, ఇల్లాలు మిక్సీ పాయింటు చూపిస్తుంది. ఇంటర్నెట్ సంగతి ఎవరికీ గుర్తు రాదు. గుర్తొస్తే ‘వైఫై ఉంటుంది కదండీ’ అన్న మాటతో ముగుస్తుంది. ఆ ఒక్క పూటలో నెట్‌వర్క్‌కు పైపులు వేయించడానికి అయ్యే ఖర్చు మొత్తం ఇంటి ఖర్చులో కంటికి కనబడదు. రంగులు వేశాక అదే పని చేయించాలంటే గోడకు గాడి కొట్టాలి, దుమ్ము, ప్లాస్టరింగు, మళ్లీ రంగు. అందుకే ఎవరూ చేయించరు, పాతికేళ్లు అలాగే గడిపేస్తారు.

ఆ పూట చెప్పాల్సినవి కొన్నే. ప్రతి గది నుంచీ విడివిడిగా ఒక పైపు ఒకే చోటికి రావాలి. కరెంటు పనికి అలవాటైన చేతులు ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డుకు లూపు వేస్తాయి. దీపాలకు అది చెల్లుతుంది, నెట్‌వర్క్‌కు చెల్లదు. అన్నీ వచ్చి చేరే ఆ చోటు గాలి ఆడేదై, ఒక ప్లగ్గు ఉన్నదై ఉండాలి. వీధిలోంచి ఫైబర్ రావడానికి అక్కడికే ఇంకో ఖాళీ పైపు ఉండాలి. స్లాబ్ వేసేటప్పుడే హాలు నడుమ సీలింగుకు ఒక పాయింటు వదలాలి. పైపు 25 మిల్లీమీటర్లది అయితే నాలుగు కేబుళ్లు సులువుగా పోతాయి. వంపుల దగ్గర మూలమట్టపు ఎల్బో కాకుండా సాఫీగా తిరిగే బెండు వేయించాలి. ఇవాళ కేబుల్ వేసే డబ్బు లేకపోయినా పైపులు వేసి, వాటిలో లాగడానికి ఒక తీగ వదిలేస్తే చాలు. కేబుల్ ఎప్పుడైనా వస్తుంది, పైపు మళ్లీ రాదు.

కరెంటు వైరు వేసిన పైపులోనే నెట్ కేబుల్ తోసెయ్యడం మేస్త్రీలకు సులువు, ఇంటివాళ్లకు ప్రమాదం. లోపల ఎక్కడైనా తొడుగు ఒరిసిపోతే 230 వోల్టులు కంప్యూటర్ దాకా, దాన్ని ముట్టుకున్న చేయి దాకా వస్తాయి. పైపు వేరుగా ఉండాలి, అది కరెంటు పైపుకు కొంత ఎడంగా పోవాలి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటాలి. కేబుల్ లాగడంలోనూ మోటుతనం పనికిరాదు. పదకొండు కిలోల బరువుకు మించిన లాగుడు లోపలి మెలికలను సాగదీస్తుంది. ఆ మెలికల్లోనే కేబుల్ సత్తా అంతా ఉంది: జతలోని రెండు పోగులూ ఒకదాని చుట్టూ ఒకటి తిరగడం వల్లే బయటి గోల రెండింటి మీదా సమానంగా పడి రద్దయిపోతుంది. కనెక్టరు దగ్గర అరంగుళానికి మించి మెలిక విప్పకూడదనే నియమం అందుకే. మరీ పొడుగ్గా విప్పి బిగించిన కేబుల్‌కు పరీక్ష పెట్టెలో ఎనిమిది లైట్లూ వెలుగుతాయి గానీ వేగం రాదు. పోగులను కనెక్టరులో పేర్చే రంగుల వరుసకు టి568ఎ, టి568బి అని రెండు ప్రమాణాలున్నాయి. రెండూ సమానమే. ఇల్లంతా ఒక్కటే వాడాలి, అంతే.

> నూటనలభై ఏళ్ల మెలిక
>
> తీగల్ని జతగా మెలివేస్తే గోల తగ్గుతుందన్న ఉపాయానికి అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లోనే పేటెంట్ తీసుకున్నాడు, టెలిఫోన్ల కోసం. కంప్యూటర్లను కలిపే ఈథర్‌నెట్ ఆలోచనను 1973 మే నెలలో జిరాక్స్ సంస్థ పరిశోధనశాలలో బాబ్ మెట్‌కాఫ్ ఒక అంతర్గత లేఖలో రాశాడు. మొదట దానికి వాడింది లావుపాటి టీవీ తరహా కేబుల్. మెలివేసిన జతల మీద 10 మెగాబిట్ల ఈథర్‌నెట్‌కు ప్రమాణం 1990లో వచ్చింది. మెట్‌కాఫ్‌కు 2022 సంవత్సరానికి ట్యూరింగ్ అవార్డు దక్కింది.

చిన్న ఆఫీసు, పెద్ద నష్టం

ఇంట్లో నెట్ ఆగితే విసుగు. ఆడిటర్ ఆఫీసులో, రక్తపరీక్షల ల్యాబులో, హోల్‌సేల్ కొట్టులో ఆగితే ఆదాయం పోతుంది. ఇలాంటి చోట్ల ఐదారు కంప్యూటర్లు ఒకే యంత్రంలోని లెక్కల ఫైళ్లను తెరిచి పనిచేస్తుంటాయి. రిటర్నుల గడువు ఆఖరి రోజున వైఫై ఒక్క క్షణం ఊగితే, సగం రాసిన ఎంట్రీ చెడిపోవచ్చు. తర్వాత ఆ తప్పు ఎక్కడుందో వెతకడానికి రెండు పూటలు పడుతుంది. కుర్చీ కదలని ఉద్యోగికి, టేబుల్ కదలని కంప్యూటర్‌కు వైఫై ఇవ్వడంలో అర్థమే లేదు. కెమెరాలు కూడా అంతే. ఒక్కో కెమెరా నాలుగు మెగాబిట్లు చొప్పున ఎనిమిది కెమెరాలు రాత్రీపగలూ ఆగకుండా పంపుతుంటే, ఆ భారం వైఫై మీద పెడితే మిగతావాళ్లకు గాలి మిగలదు.

చిన్న ఆఫీసుల్లో తరచూ కనిపించే మరో చిత్రం టేబుల్ కింద కేబుళ్ల చిక్కు. ఊడ్చేటప్పుడు ఒక కేబుల్ కొస కింద పడి ఉంటుంది. ఎవరో మంచి మనసుతో దాన్ని ఖాళీగా ఉన్న సాకెట్లో గుచ్చుతారు. దాని రెండో కొస అప్పటికే అదే నెట్‌వర్క్ స్విచ్చులో (కేబుళ్లన్నీ కలిసే పెట్టె) ఉంటే, సందేశాలు ఆ వలయంలో తిరిగి తిరిగి పెరిగిపోయి నిమిషంలో ఆఫీసంతా స్తంభించిపోతుంది. చవక స్విచ్చులకు దీన్ని కనిపెట్టి ఆపే తెలివి ఉండదు. కంపెనీకి ఫోన్లు, తిట్లు, చివరికి ఎవరో వచ్చి ఆ కేబుల్ పీకేదాకా కారణం తెలియదు. గోడకు చిన్న రాక్, అందులో కేబుళ్లన్నీ వరసగా వచ్చి చేరే ప్యాచ్ ప్యానెల్, ప్రతి కేబుల్‌కూ రెండు కొసల్లో ఒకే నంబరు రాసిన చీటీ ఉంటే ఈ నాటకమంతా ఉండదు. చీటీ రాయడానికి పట్టేది ఒక గంట. మన దగ్గర ఎక్కువమంది ఎగ్గొట్టేది ఆ గంటనే. రాక్‌లోని స్విచ్చుకూ, ఫైబర్ పెట్టెకూ కలిపి ఒక యూపీఎస్ పెడితే కరెంటు పోయినా పని ఆగదు. తీగ ద్వారానే విద్యుత్తు అందుకునే కెమెరాలు కూడా దానితోపాటు బతికే ఉంటాయి.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు ఇదంతా ఎలా కుదురుతుందన్న ప్రశ్న న్యాయమైనది. గోడ మనది కాదు, మరో ఏడాదికి ఎక్కడుంటామో తెలియదు. వాళ్లు గోడ తొలవాల్సిన పని లేదు. ఫైబర్ పెట్టె నుంచి పనిచేసుకునే బల్ల దాకా గోడ అంచు వెంట ప్లాస్టిక్ పట్టీలో ఒక్క కేబుల్, దాని కొసన ఒక వైఫై పరికరం పెడితే ఇంట్లో సగం కష్టం తీరుతుంది. ఇల్లు మారేటప్పుడు రెండూ వెంట వస్తాయి. చాప కింద దూరుతుందని మరీ పల్చటి కేబుల్ కొనడం మాత్రం వద్దు. ఇప్పుడున్న ఇంటి జబ్బు తెలుసుకోవాలన్నా ఖర్చేమీ లేదు. ఒకసారి ఫైబర్ పెట్టెకు కేబుల్‌తో, ఇంకోసారి పడగ్గదిలో వైఫైతో వేగం కొలవాలి. మొదటిది బాగుండి రెండోది పడిపోతే కంపెనీని తిట్టి లాభం లేదు. మొదటిదే బాగాలేకపోతే, కేబుల్ మార్చి చూశాక కూడా అంతే ఉంటే, అప్పుడు నిలదీయాలి.

సొంత ఇల్లు కొనేవాళ్ల చేతిలో ఇప్పుడొక ఆయుధం ఉంది. భవనాలకు డిజిటల్ కనెక్టివిటీని బట్టి స్టార్ రేటింగ్ ఇచ్చే నిబంధనలను టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 అక్టోబరులో నోటిఫై చేసింది. బిల్డరుకు అది తప్పనిసరి కాదు. కాబట్టి అడిగేవాళ్లు ఉంటేనే అది అమలవుతుంది. క్లబ్ హౌస్, ఈత కొలను, జిమ్ బొమ్మలున్న బ్రోచర్ చేతికిచ్చినప్పుడు ఇంకో కాగితం కూడా అడగండి: ఏ గదికి ఎన్ని నెట్‌వర్క్ పాయింట్లు, పైపులు ఎక్కడ కలుస్తాయి, కేబుల్ ఏ రకం, పూర్తి రాగేనా. ఆ డ్రాయింగు చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.